పక్క కుర్చీ ఖరీదు

మా వైపు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం అంటే అందరికీ తెలిసిన దారి ఒకటే. డిగ్రీయో బీటెక్కో ఎలాగోలా గట్టెక్కించేసి, బ్యాగు సర్దుకుని రాత్రి బస్సెక్కి అమీర్‌పేటలో దిగిపోవడం, హాస్టల్లో ఇరుకు గది ఒకటి పట్టుకోవడం, మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున్న జావా సాయంత్రం ఇంకేదో, ఇంటి దగ్గర నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకో నెలలో అయిపోద్ది" అనడం. దాన్ని నేను తప్పు పట్టను. మా వీధి కుర్రాళ్ళు చాలామంది అలాగే వెళ్ళారు, బాగానే ఉన్నారు, పండక్కి కార్లేసుకుని వస్తన్నారు కూడా. నా గొడవ వేరే. కోర్సు నేర్పేది ఒకటి, పని నేర్పేది ఇంకోటి. పని నేర్పడానికి అప్రెంటిస్ అని ఒక పద్ధతి ఎప్పట్నుంచో ఉంది, దాన్ని మనోళ్ళు ఐటీఐ ఫిట్టర్లకీ వెల్డర్లకీ రైల్వే వర్క్‌షాపులకీ వదిలేసి, కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అదెందుకులే అనుకున్నారు. అనుకోవడమే కాదు, దానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తేల్చకుండా అందరూ మాట దాటేశారు. నేను చెప్పాలనుకున్నదల్లా ఈ ఖర్చు గురించే.

నేను బీయస్సీ కంప్యూటర్స్ చదివి విజయనగరంలో ఒక చిన్న ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరాను. గంటస్తంభం నుంచి నడిచెళ్ళిపోయేంత దూరం, కింద బట్టల షాపు, మేడ మీద మేము. పెద్ద పెద్ద యాప్‌లేవీ కాదు, మెడికల్ షాపులకి బిల్లింగు, రైసుమిల్లులకి స్టాకు లెక్క, ప్రైవేటు స్కూళ్ళకి ఫీజులూ హాజరూ, పలాస వైపు జీడిపప్పు వ్యాపారులకి ఇన్‌వాయిసులు, అలాంటివి. బెంగుళూరులో ఉన్న ఫ్రెండ్స్‌కి చెప్తే "అదా" అని ఊరుకునేవాళ్ళు. వాళ్ళని అనడానికేం లేదు, నాక్కూడా చేరినప్పుడు అలాగే ఉండేది.

చేరగానే కోడ్ రాయనియ్యలేదు. ఫోన్ చేతికిచ్చారు. మెడికల్ షాపాయన పొద్దున్నే ఫోన్ చేసి "బాబూ, బిల్లు రావట్లేదు, జనం నిలబడిపోనారు, ఏటి సెయ్యమంటావు" అంటాడు, సగం సార్లు ప్రింటర్లో కాగితం అయిపోయి ఉంటుంది, మిగతా సగం సార్లు నిజంగానే మన సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఉంటుంది, ఏది ఏదో ఫోన్లో నాలుగు ప్రశ్నలు అడిగి పట్టుకోవాలి. ఆ ప్రశ్నలు ఎలా అడగాలో ఏ క్లాసులోనూ చెప్పరు. "ఎర్రర్ మెసేజ్ ఏం వచ్చిందండి" అంటే ఆయన "ఇంగ్లీషులో ఏదో వచ్చింది, నొక్కీసాను, పోయింది" అంటాడు. ఇక అక్కడి నుంచి మొదలెట్టాలి. ఫోన్ లేనప్పుడు పాత కోడ్ చదవడం. ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన కోడ్, వేరియబుల్ పేర్లు చూస్తే నవ్వొస్తుంది కానీ అది రోజూ వందల బిల్లులు కొడతంది మరి.

నాకు పని చెప్పే సీనియర్ ఆమదాలవలస నుంచి రోజూ రైల్లో వచ్చే ఆవిడ. మొదట్లో మేడం అనేవాణ్ణి, తర్వాత మా ఇంట్లో అక్కని పిలిచే అలవాటు ప్రకారం అప్ప అనడం మొదలెట్టాను, ఆవిడ ఏమీ అనలేదు. నాది చీపురుపల్లి పక్క ఊరు, సాయంత్రం ఒకే ప్యాసింజర్ ఎక్కేవాళ్ళం. సీటు దొరికితే బండిలో కూడా ఆఫీసు కబుర్లే.

ఒక పని గురించి వివరంగా చెప్తాను, లేకపోతే నేను దేని గురించి మాట్లాడుతున్నానో తెలీదు.

పలాస వ్యాపారి ఒకాయన, పప్పు గ్రేడ్ల వారీగా అమ్ముతాడు, డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని. 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గింజలు తూగే రకం, అంకె చిన్నదయ్యే కొద్దీ గింజ పెద్దది. ఆయన సరుకు మన రాష్ట్రంలో పార్టీలకీ వెళ్తుంది, పక్కనే బరంపురం కాబట్టి ఒడిశా పార్టీలకీ వెళ్తుంది. మన రాష్ట్రం అయితే బిల్లు మీద 5 శాతం జీఎస్టీ సగం సీజీఎస్టీ (కేంద్రం వాటా) సగం ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా)గా పడాలి, ఒడిశా అయితే మొత్తం ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద పన్ను)గా పడాలి. ఆయన ఆడిటర్ ఫోన్ చేసి శ్రీకాకుళం పార్టీల బిల్లుల్లో కొన్నిటికి ఐజీఎస్టీ పడింది అన్నాడు. మొత్తం డబ్బులు రెండు రకాలుగానూ ఒకటే అవుతాయి కాబట్టి కొన్నాయనా చూడలేదు, అమ్మినాయనా చూడలేదు, రిటర్న్ వేసినప్పుడు గానీ బయటపడలేదు. అప్ప ఆ పని నాకిచ్చింది.

పన్ను లెక్క కట్టే కోడ్ ముక్క (ఫంక్షన్) అంతా చదివాను. ఎక్కడా తప్పు లేదు. రాష్ట్రాలు రెండూ ఒకటైతే సగం సగం, వేరైతే ఐజీఎస్టీ, స్పష్టంగా ఉంది. అదే మాట చెప్పాను. అప్ప తన పని ఆపకుండానే "జీఎస్టీ నంబర్లో మొదటి రెండంకెలు ఏటి?" అంది. రాష్ట్రం కోడ్ అన్నాను. ఆంధ్రాకెంత? 37. ఒడిశాకి? 21. "మన రాష్ట్రాల టేబుల్లో ఆంధ్రా ఎన్నిసార్లుందో చూడు" అంది.

రెండుసార్లుంది. ఒకటి 28, ఒకటి 37. 28 ఉమ్మడి రాష్ట్రానిది, జీఎస్టీకి ముందు వ్యాట్ రోజుల్లో వ్యాపారుల పన్ను నంబర్లు (టిన్) దాంతోనే మొదలయ్యేవి. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకి 36, మనకి 37 వచ్చాయి, 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు కూడా అవే నడిచాయి. ఎవరో పాత ప్రాజెక్టులోంచి రాష్ట్రాల లిస్టు ఎత్తుకొచ్చి కొత్తవి కింద కలిపారు, పాతది తీయలేదు. కొత్త పార్టీని ఎక్కించేటప్పుడు లిస్టులో పైన కనపడే ఆంధ్రప్రదేశ్ 28ది. షాపులో కూర్చునే అమ్మాయి పైనున్నదే నొక్కుతుంది కదా, నేనైనా అదే నొక్కుతాను. సాఫ్ట్‌వేర్ దృష్టిలో వ్యాపారి 37లో ఉన్నాడు, శ్రీకాకుళం పార్టీ 28లో ఉంది, అంటే పరాయి రాష్ట్రం.

అయితే ఆ 28 వరస తీసేస్తే సరిపోద్ది కదా అనిపిస్తుంది. అప్ప అక్కడే ఆపింది. తీసేస్తే ఇప్పటికే 28తో ఎక్కిన పార్టీలు ఏమవుతాయి? వాటిని 37కి మార్చాలి. మారిస్తే పాత బిల్లులు మళ్ళీ ప్రింట్ తీసినప్పుడు వేరే పన్నుతో రావూ? వస్తాయి, ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్ ప్రింట్ తీసిన ప్రతిసారీ పన్ను కొత్తగా లెక్క కడుతోంది. రిటర్న్‌లో ఒక రకంగా వెళ్ళిన బిల్లు కాగితం మీద ఇంకో రకంగా రాకూడదు. కాబట్టి ముందు పాత బిల్లుల పన్నుని ఎలా పడిందో అలాగే దాచాలి, తర్వాత పార్టీలని సరిచెయ్యాలి, ఆ తర్వాత వరస తీయాలి, పాత నెలలవి ఎలా సవరించాలో ఆడిటర్ చూసుకుంటాడు, మనం వేలు పెట్టకూడదు. చివర్న ఇంకో మాట: అసలు రాష్ట్రం ఏంటని మనిషిని అడగడం ఎందుకు, జీఎస్టీ నంబరు ఎలాగూ కొట్టిస్తున్నాం, మొదటి రెండంకెలు అందులోంచే తీసుకోవచ్చు కదా. నేను రాసిన కోడ్ చూస్తే కొన్ని లైన్లే. దాని వెనకాల ఆలోచన మాత్రం అప్ప నా చేత అడుగు అడుగునా నడిపించింది, తను చేస్తే టీ తాగేలోపు అయిపోయే పని నాతో చేయించడానికి రోజులు తీసుకుంది.

ఇది ఏ కోర్సులో వస్తుంది చెప్పండి. కోర్సులో ప్రాజెక్టు అంటే ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్‌తో మొదలవుతుంది. షాపింగ్ వెబ్‌సైటు, లైబ్రరీ మేనేజ్‌మెంటు, బస్సు టికెట్లు, అవే తిరిగి తిరిగి. డేటా మనమే పెట్టుకుంటాం కాబట్టి శుభ్రంగా ఉంటుంది. ఉద్యోగంలో ఎవడూ ఖాళీ ఫోల్డర్ ఇవ్వడు. 28 ఉన్న టేబుల్ ఇస్తాడు. దాని మీద ఎవరో బతుకుతూ ఉంటారు, దాన్ని ఆపకుండా బాగు చెయ్యాలి. ఇన్‌స్టిట్యూట్ సార్లు చెడ్డగా చెప్తారని కాదు, వాళ్ళ దగ్గర ఆ టేబుల్ లేదు, ఫోన్ చేసే ఆడిటర్ లేడు.

పొందూరు మీంచే మా బండి వెళ్ళేది. అక్కడ ఖద్దరు పత్తిని ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారని అందరికీ తెలుసు, సన్నటి పళ్ళతో ఉంటుంది, గింజ చుట్టూ ఉన్న పీచుని దాంతో దువ్వి శుభ్రం చేస్తారు. ఎంత బలంగా దువ్వాలో కాగితం మీద రాసిస్తే ఎవరికీ రాదు, అమ్మ పక్కన కూర్చున్న కూతురుకి వచ్చింది. కోడ్ రివ్యూ, అంటే ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి చూడడం, అనే మాటని మనం పెద్ద పద్ధతిలాగ చెప్పుకుంటాం గానీ అప్ప చేసేది దాదాపు అదే. నేను పంపిన మార్పుని తను చదివేది కాదు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చేతే చదివించేది, లైను లైనుకీ ఇది ఎందుకు అని. నోటితో చెప్తుంటే సగంలో నాకే తెలిసిపోయేది ఎక్కడ నీళ్ళు నమిలానో.

ఇప్పుడు అసలు విషయం. అలా నా పక్కన కూర్చున్న గంటలు అప్పకి ఎక్కడి నుంచి వచ్చాయి? తన పనిలోంచి. తన పని సాయంత్రానికి జరిగేది, సాయంత్రం బండి తప్పిపోతే తర్వాత బస్సుకి వెళ్ళేది, ఇంటి దగ్గర పిల్ల అత్తగారి మీద పడేది. ఓనరు గారు కూడా చూస్తూనే ఉన్నారు. ఒకరోజు నా ముందే అన్నారు, "అమ్మా, గుంటడికి నేర్పు, కాదన్ను, కానీ ఆ మిల్లు వాళ్ళ పని ఎవులు సేస్తారు?" ఆయన మాటలో అన్యాయం ఏం లేదు. ఆయన ఇచ్చే స్టైపెండ్ మీద ఎవరైనా లెక్క కడతారు, అప్ప గంటల మీద మాత్రం ఎవరూ కట్టరు. నెలకి 60,000 జీతం ఉన్న సీనియర్ రోజులో పావు వంతు కుర్రాడి మీద పెట్టింది అనుకుందాం, అక్కడే 15,000 అయింది. అప్రెంటిస్‌కి ఇచ్చేదాని కంటే అప్రెంటిస్‌కి నేర్పేదానికి ఎక్కువ. ఆ ఖర్చు ఏ కాగితం మీదా కనపడదు కాబట్టి ఎవరో ఒకరు నోరు మూసుకుని భరిస్తారు, మా ఆఫీసులో అప్ప భరించింది.

చట్టం లేదా అంటే ఉంది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2014లో సవరించాక ఇంజనీరింగ్ కాని డిగ్రీలవాళ్ళు కూడా అందులోకి వచ్చారు, అంటే నాలాంటి బీయస్సీ వాళ్ళు. 2019 రూల్స్ ప్రకారం గ్రాడ్యుయేట్‌కి నెలకి కనీసం 9,000, డిప్లొమా వాళ్ళకి 8,000 స్టైపెండ్ అని పెట్టారు, నాట్స్ అనే కేంద్ర అప్రెంటిస్ పథకం కింద అందులో సగం, అంటే గ్రాడ్యుయేట్‌కి 4,500, కేంద్రం పెట్టుకునేట్టు. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ అప్రెంటిస్‌లని తీసుకుని తీరాలి, నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవాళ్ళు ఇష్టమైతే తీసుకోవచ్చు. కాగితం మీద బాగానే ఉంది. కానీ చూడండి, ప్రభుత్వం పంచుకునేది స్టైపెండ్‌ని. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గంటలని కాదు. దాంతో ఏమవుతుందంటే, ఆఫీసుకి సగం ధరకి ఒక మనిషి దొరికాడు అన్న లెక్కే మిగులుతుంది, నేర్పాలన్న లెక్క ఎక్కడా రాదు. నేర్పకుండా ఎక్సెల్ షీట్లలో పేర్లు కొట్టించినా వచ్చే సగం వస్తుంది.

జర్మనీలో సాఫ్ట్‌వేర్‌కి అప్రెంటిస్‌షిప్ 1997 నుంచే ఉంది, మూడేళ్ళది, ఎక్కువ రోజులు కంపెనీలో, మిగతా రోజులు వృత్తి విద్య బడిలో. నాకు అందులో నచ్చింది మూడేళ్ళు కాదు. అక్కడ నేర్పేవాళ్ళకి కూడా ఒక పరీక్ష ఉంటుంది, కుర్రాళ్ళకి నేర్పడం వచ్చు అని వాళ్ళు నిరూపించుకోవాలి. అంటే నేర్పడం ఒక పని అని, దానికి లెక్క ఉందని వాళ్ళు ఒప్పుకున్నారు. మన దగ్గర బాగా కోడ్ రాసేవాడికి ఒక కుర్రాణ్ణి అంటగట్టేసి "కాస్త చూసుకో" అంటారు. కాస్త ఎంత? ఎప్పుడు? వాడి డెడ్‌లైన్ ఎవరు జరుపుతారు?

ఈ ఖర్చు దాచిన చోటల్లా అది ఇంకోలా బయటకొస్తుంది, ఎక్కువగా చదువుకునే పిల్లల మీదకే. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాదు, పుస్తకం చదివి పరీక్ష రాసి బయటకి రావడం కంటే నూరు రెట్లు నయం. కానీ టెక్కలిలో, రాజాంలో, పార్వతీపురంలో, ఎచ్చెర్లలో డిగ్రీ చదివే కంప్యూటర్స్ పిల్లలందరికీ ఇంతమంది సీనియర్లు ఎక్కడున్నారు? ఉన్న ఆఫీసులే తక్కువ, వాటిలో నేర్పే తీరిక ఉన్నవి ఇంకా తక్కువ. తప్పనిసరి అన్నారు, తీరిక ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. ఇంక జరిగేదేంటో మీకూ తెలుసు, ఆన్‌లైన్‌లో నాలుగు వీడియోలు చూపించి లోగోతో సర్టిఫికెట్ పంపేవాళ్ళు పుట్టుకొచ్చారు, కొన్నిచోట్ల డబ్బులు కడితే వీడియోలు కూడా చూడక్కర్లేదు. మా పిన్ని కూతురు చేతిలో అలాంటి సర్టిఫికెట్ ఉంది, ఫుల్ స్టాక్ డెవలపర్ ఇంటర్న్ అని బంగారు రంగు అంచుతో. పిల్ల తెలివైనదే, దానికి ఒక్కసారి కూడా ఎవరూ "ఈ లైను ఎందుకు రాశావు" అని అడగలేదు. ఆ కాగితానికి ఇంటివాళ్ళు డబ్బు కట్టారు. అదే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇంకో రకం ఉన్నారు, వీళ్ళంటే నాకు మరీ మంట. ట్రైనింగ్ ఫీజు అని పిల్లల దగ్గర తీసుకుంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు, తర్వాత క్లయింటు పనే చేయిస్తారు. నేర్పడానికి ఖర్చవుతుంది అని నేనే అంటున్నాను కదా, మరి ఫీజు తీసుకుంటే తప్పేంటి అనొచ్చు. తప్పే. పని చేయించుకుని బిల్లు క్లయింటుకి వేస్తూ, ఆ పని చేసినవాడి దగ్గరే డబ్బు తీసుకోవడం ఏ లెక్కకీ రాదు. నేర్చుకునేవాడు డబ్బు కడుతున్నాడంటే అది బడి, బడి అయితే క్లయింటు పని చేయించకూడదు. పని చేయిస్తున్నారంటే అది పని, పనికి డబ్బివ్వాలి. సర్టిఫికెట్లు దాచుకోవడం గురించి చెప్పక్కర్లేదు, అది మనిషిని తాకట్టు పెట్టుకోవడమే. ఎవరైనా ఒరిజినల్స్ ఇమ్మంటే ఆ మెట్లు దిగి వచ్చెయ్యండి, ఎంత మంచి ఆఫీసైనా సరే.

నేర్పాక వెళ్ళిపోతారు కదా అనేది ఓనర్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట. వెళ్ళిపోతారు. నిజం. మా ఆఫీసులో నా తర్వాత చేరిన కుర్రాడు పని బాగా పట్టుబడగానే వైజాగ్‌లో రెట్టింపు జీతానికి వెళ్ళిపోయాడు, నేను ఓనరైనా బాధపడేవాణ్ణి. దానికి మందు బాండ్ రాయించుకోవడం కాదు. చిన్న ఊళ్ళో చిన్న ఆఫీసు ఒక్కటీ ఈ బరువు మొయ్యలేదు, మోసినందుకు దానికి మిగిలేదీ లేదు, లాభం హైదరాబాదు బెంగుళూరు కంపెనీలకి పోతుంది. అలాంటప్పుడు ఖర్చులో వాటా బయట నుంచి రావాలి. స్టైపెండ్‌లో సగం ఇచ్చినట్టే నేర్పే సీనియర్ గంటలకి కూడా ఇంత అని ఇస్తే, ఇచ్చే ముందు ఆ కుర్రాడు నిజంగా ఏం చేశాడో చూస్తే, మా ఓనరు లాంటివాళ్ళు అప్పని "మిల్లు పని ఎవులు సేస్తారు" అని అడగక్కర్లేదు. లేదంటే ఊళ్ళో నాలుగైదు చిన్న ఆఫీసులు కలిసి ఒక మనిషిని నేర్పడానికే పెట్టుకోవచ్చు. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది, ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి, కూర్చోడానికి చోటు లేక ఆగిపోయే పని కాదిది. జరుగుద్దా అంటే నాకు పెద్ద నమ్మకం లేదు, ఆఫీసులు ఒకరి క్లయింటుని ఇంకొకరు ఎత్తుకుపోతారని భయపడుతూ ఉంటాయి. కానీ అడగడంలో తప్పు లేదు.

ఈ మధ్య దీనికి ఇంకో మెలిక పడింది. చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక, 2022 చివర్లో మొదలైంది కదా, అప్రెంటిస్‌కి ఇచ్చే చిన్న పనులన్నీ సీనియర్ ఒక్కడే దాన్ని అడిగి చేసేసుకుంటున్నాడు. కుర్రాడికి చెప్పి, వాడు తప్పు చేసి, దిద్ది, మళ్ళీ చూసేకంటే మెషీన్‌కి చెప్పడం తేలిక, కసురుకున్నా ఏమనుకోదు. పక్క కుర్చీ ఖర్చు మిగిలిపోయింది అని కొందరు సంబరపడుతున్నారు కూడా. దీని మీద నా అభిప్రాయం కొంచెం మొండిగానే ఉంటుంది.

నేను సీనియర్ అయ్యాక స్కూలు సాఫ్ట్‌వేర్‌లో ఒక పని వచ్చింది. పిల్లాడు బడికి రాకపోతే తల్లిదండ్రులకి తెలుగులో ఎస్సెమ్మెస్ వెళ్తుంది, దానికి ముందే కొని పెట్టుకున్న క్రెడిట్లు మేం చెప్పినదానికి రెట్టింపు వేగంతో అయిపోతున్నాయని హెడ్మాస్టారు ఫోన్. చాట్‌బాట్‌ని అడిగితే జవాబు నిమిషంలో చెప్పేస్తుంది, సరిగ్గానే చెప్తుంది: ఇంగ్లీషు మెసేజ్‌కి 160 అక్షరాలు, అందులో ఒక్క తెలుగు అక్షరం పడినా మొత్తానికీ 70కి దిగిపోతుంది, 70 దాటితే ముక్కలవుతుంది, ముక్కకి 67, ఎన్ని ముక్కలైతే అన్ని క్రెడిట్లు. పైగా మన కంటికి కనిపించే అక్షరం, కంప్యూటర్ లెక్కపెట్టే అక్షరం ఒకటి కాదు. శ్రీకాకుళం అని రాస్తే మనకి నాలుగు, దానికి పది. ఇంతవరకు మెషీన్ చాలు.

తర్వాతే పని మొదలైంది. మాతో ఉన్న కుర్రాణ్ణి స్కూలుకి పంపాను, హెడ్మాస్టారితో కూర్చుని మెసేజ్ తగ్గించమని. "మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు" అంటే 30తో అయిపోతుంది. ఆయన ఒప్పుకోలేదు. "తల్లిదండ్రులు గమనించగలరు" ఉండాలి, కింద "ఇట్లు, ప్రధానోపాధ్యాయులు" ఉండాలి, లేకపోతే మర్యాదగా ఉండదు అన్నారు. ప్రధానోపాధ్యాయులు అన్న ఒక్క మాటే 17 తింటుంది. మావాడు కాగితం మీద లెక్క రాసి ఆయనకి చూపించాడు, మాస్టారూ ఈ ఒక్క సంతకానికి రోజుకి ఇంత అవుతుంది అని. ఆయన లెక్కల మాస్టారే, కళ్ళద్దాలు సవరించుకుని రెండుసార్లు చూసుకుని "గమనించగలరు తీసీ బాబూ, ప్రధానోపాధ్యాయులు మాత్రం ఉంచు" అన్నారట. స్పేసులు, కామా లెక్కపెట్టి చూస్తే 70 లోపలే వచ్చింది. మాట మార్చాక ఆ నమూనా మెసేజ్‌ని (టెంప్లేట్) టెలికాం కంపెనీ దగ్గర మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, అనుమతి వచ్చేదాకా పాతదే వెళ్తుంది, అది కూడా ఆయనకి వాడే చెప్పాలి. వాడు తిరిగొచ్చి చెప్తుంటే నాకనిపించింది, ఇక ఈ కుర్రాడు ఎక్కడ తెలుగు మెసేజ్ పంపే కోడ్ చూసినా 70 గుర్తొస్తుంది, ఆ కళ్ళద్దాలు గుర్తొస్తాయి. మెషీన్‌ని అడిగి నేనే చేసేసి ఉంటే పని ఆ పూటే తేలేది, ఆ కుర్రాడు మాత్రం చేరినరోజు ఎక్కడున్నాడో అక్కడే ఉండేవాడు.

అందుకే మెషీన్‌కి తేలిక అయిన చిన్న పనులే అప్రెంటిస్‌కి కావాల్సిన పనులు అంటాను. అవి మెషీన్‌కి ఇచ్చేసి, పెద్ద పనులు మాత్రం అప్రెంటిస్‌కి ఇద్దాం అంటే, ఈత రానివాణ్ణి ఏటిలోకి ఒకేసారి నెట్టినట్టే. అసలు వాడొద్దు అని కూడా అనను, ఇంట్లో ఎలాగూ వాడతారు. మా దగ్గర పెట్టుకున్న పద్ధతి ఒకటే, ముందు తప్పెక్కడుందని నువ్వనుకుంటున్నావో నోట్‌బుక్‌లో నీ చేత్తో రాయి, తర్వాత దాన్ని అడుగు, అది ఇచ్చినదాంట్లో నువ్వు నోటితో చెప్పలేని లైను ఒక్కటి ఉన్నా లోపల పెట్టకు. కుర్రాళ్ళకి ఇది విసుగే. "అన్నయ్యా, వర్క్ అవుతుంది కదా" అంటారు. అవుతుంది. 28 ఉన్న టేబుల్ కూడా అలాగే చాన్నాళ్ళు వర్క్ అయింది.

ఇంటి నుంచి పని చేసే అప్రెంటిస్‌ల గురించి అడుగుతారు కొందరు, స్క్రీన్ షేర్ పెట్టుకుంటే సరిపోదా అని. కొంత సరిపోతుంది, ఏమీ లేనిదానికంటే మేలు, ముఖ్యంగా ఊళ్ళలో ఉండిపోయిన ఆడపిల్లలకి. కానీ ఫోన్లో కస్టమర్‌తో అప్ప ఎలా మాట్లాడుతుందో, కోపంగా ఉన్న మనిషికి ముందు ఏం చెప్తుందో, అది ఎవరూ కాల్ పెట్టి నేర్పరు. అదే గదిలో ఉంటే చెవిన పడుతుంది.

అప్ప ఇప్పుడు హైదరాబాదు కంపెనీకి ఆమదాలవలస నుంచే ఇంట్లో కూర్చుని పని చేస్తోంది, జీతం బాగా పెరిగింది. నేర్పినందుకు ఇక్కడ ఆవిడకి ఒక్క రూపాయి ఎక్కువ రాలేదు, అది నాకు తెలుసు, ఆవిడకి తెలుసు, ఓనరు గారికి తెలుసు. నేను సీనియర్ అయినప్పుడు జీతం మాట్లాడుకునేటప్పుడే అడిగేశాను, వారంలో ఇన్ని గంటలు నేర్పడానికి పోతాయి, వాటిని నా పని కిందే రాసుకోండి, ఆ గంటల్లో మిల్లు పని అడగొద్దు అని. ఆయన చాలాసేపు క్యాలిక్యులేటర్ నొక్కి, "సర్లే, ఈ ఏడాదికి చూద్దాం" అన్నారు. గరివిడి నుంచి ఒకమ్మాయి వచ్చే నెల చేరుతోంది, డిప్లొమా అయింది. ఆవిడ కోసం రైసుమిల్లు వాళ్ళ స్టాకు రిపోర్టులో బస్తాల లెక్క తేడా వచ్చే పని ఒకటి తాకకుండా పక్కన పెట్టాను. మిల్లాయన రెండుసార్లు ఫోన్ చేశాడు, వచ్చే నెల అవుద్దని చెప్పాను.